ఇరవై టన్నుల బండి, రెండు తీగలు

కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలోనూ, దాన్ని ఆనుకున్న వనపర్తి, నాగర్‌కర్నూల్ చల్క నేలల్లోనూ మట్టి పని అంటే ఇప్పుడు యంత్రం పనే. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా తట్టా పారా పట్టుకుని వెళ్లిన పాలమూరు లేబర్‌ది ఈ నేలే. ఆ ఇళ్ల పిల్లలే కొందరు ఇవాళ పారకు బదులు లివర్లు పట్టారు. నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలు, ఆ తర్వాత పాలమూరు-రంగారెడ్డి కింద నార్లాపూర్, ఏదుల, వట్టెం జలాశయాల కట్టలు అన్నీ ఎక్స్‌కవేటర్ల మీద నడిచిన పనులు. పెద్ద పనుల్లో అరిగిన బండ్లు తర్వాత చేతులు మారి ఊళ్లకు చేరతాయి. చేను చదును చేయడం, గుండ్లు తీయడం, చెరువు మట్టి ఎత్తడం, ఫాంపాండ్ తవ్వడం వాటి రెండో జీవితం. కంపెనీ ఏదైనా సరే, ఊళ్లో దాని పేరు హిటాచీ, లేదంటే ప్రొక్లెయిన్.

పాత బండి కొనేవాడు చూసే వస్తువులు అందరికీ తెలిసినవే. ట్రాక్ చైన్ ఎంత సాగింది, బూమ్ పిన్నుల దగ్గర ఎంత లూజు, వేడెక్కాక పంపు అరుస్తోందా, పొగ ఏ రంగులో వస్తోంది. వీటిని కన్నూ చెవీ పట్టేస్తాయి. కంటికీ చెవికీ అందని భాగం ఇంకొకటి ఉంది. బండిలోని ఎలక్ట్రానిక్ డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జంట తీగ. అది తెగినప్పుడు ఫిర్యాదు ఇలా వస్తుంది: “అన్నా, మొన్నటిదాంక మంచిగనే ఉండె. నిన్నటి సంది రేస్ అందుతలేదు. మీటర్ల ఏందో కోడ్ వస్తుంది. బంద్ జేసి సెల్ఫ్ కొడితే జరసేపు పోతది, మల్ల వస్తది.” ఈ నాలుగు మాటల్లో చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్‌కు కావలసింది చాలానే ఉంది. ముఖ్యంగా ఆ చివరి మాట. పోయి మళ్లీ వస్తోందంటే డబ్బా కాలిపోలేదు. ఎక్కడో ఒక అతుకు ఉండీ లేనట్టుగా ఉంది.

ఆ అతుకును వెతికే పని ఎంత నేర్పుతో కూడుకున్నదో తెలియాలంటే ముందు ఆ తీగల మీద ఏం నడుస్తుందో చూడాలి.

ఎలక్ట్రానిక్ ఇంజన్ ఉన్న ఇరవై టన్నుల తరగతి బండిలో మామూలుగా మూడు డబ్బాలు ఉంటాయి. ఇంజన్‌కు బిగించి ఉండేది ఇంజన్ కంట్రోలర్, అందరూ ఈసీఎం అంటారు. క్యాబిన్‌లో సీటు వెనక ఉండేది పంపు కంట్రోలర్. ఆపరేటర్ ముందు ఉండేది మానిటర్. జీపీఎస్ పెట్టిన బండిలో అది నాలుగోది. బకెట్ గట్టి మొరంలో దిగబడిందనుకోండి. నూనె ఒత్తిడి పెరుగుతుంది, ఇంజన్ మీద బరువు పడి ఆర్‌పీఎం జారుతుంది. ఆ జారుడును పంపు కంట్రోలర్ గమనించి, ఒక చిన్న సోలినాయిడ్ వాల్వుకు పంపే కరెంటును మారుస్తుంది. దానితో పంపు లోపలి పలక వాలు తగ్గుతుంది, పంపు గుంజే శక్తి తగ్గుతుంది, ఇంజన్ ఆగిపోకుండా తేరుకుంటుంది. ఇదంతా జరగాలంటే ఇంజన్ ఇప్పుడు ఎంత వేగంతో తిరుగుతోందో పంపు కంట్రోలర్‌కు క్షణక్షణం తెలియాలి. ఆ కబురు ఈసీఎం నుంచి రెండు సన్న తీగల మీదుగా, సెకనుకు పదుల సార్లు వస్తుంది.

కబురు రాకపోతే ఏం చేయాలో కూడా ముందే రాసిపెట్టారు. ప్రతి డబ్బా తనకు రావలసిన కబురు కోసం గడువు పెట్టుకుంటుంది. గడువు దాటితే కోడ్ లేపుతుంది, ప్రమాదం లేని ఒక స్థాయికి పనిని దించుకుంటుంది. పంపు తక్కువ నూనెతో నడుస్తుంది, ఇంజన్ ఒకే వేగం దగ్గర నిలబడిపోతుంది. కొమాట్సు పీసీ200 లాంటి బండ్లలో ఇలాంటప్పుడు ఎలక్ట్రానిక్స్‌ను పక్కకు పెట్టి పంపును నడపడానికి ఒక అత్యవసర స్విచ్ కూడా ఉంటుంది. పాత బండి చూడటానికి వెళ్లినప్పుడు ఆ స్విచ్ ఏ వైపు ఉందో ఒకసారి చూడటం మంచిది. ‘ఎమర్జెన్సీ’ వైపు ఉన్న బండి ఏదో దాస్తోంది.

రెండు తీగల ఈ పద్ధతి పేరు క్యాన్. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1983లో దీని మీద పని మొదలుపెట్టి, 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జరిగిన ఆటోమోటివ్ ఇంజనీర్ల సదస్సులో బయటపెట్టింది. అసలు ఉద్దేశం కార్లలో తీగల మోపులు తగ్గించడం. 1993లో అది ఐఎస్ఓ 11898 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. లారీలకూ భారీ యంత్రాలకూ దాని మీద కట్టిన భాష జే1939.

రెండు తీగల్లో ఒకటి హై, ఒకటి లో. ఎవరూ మాట్లాడనప్పుడు రెండూ 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. ‘0’ చెప్పాలంటే హై 3.5కు ఎక్కుతుంది, లో 1.5కు దిగుతుంది. ‘1’ అంటే రెండూ తిరిగి 2.5కు రావడమే. వినే డబ్బా ఏ తీగ వోల్టేజీనీ విడిగా లెక్కలోకి తీసుకోదు, రెండింటి మధ్య తేడాను మాత్రమే చూస్తుంది. ఆల్టర్నేటర్ నుంచి, సెల్ఫ్ మోటార్ నుంచి పుట్టే విద్యుత్ రొద తీగల మీద పడక తప్పదు. కానీ అవి మెలిక తిప్పి కలిసి నడుస్తాయి కాబట్టి రొద రెండింటి మీదా ఒకేలా పడుతుంది. గతుకుల రోడ్డు మీద ఆటోలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఎగిరిపడితే కలిసే ఎగిరిపడతారు, వాళ్ల తలల ఎత్తుల్లో తేడా మాత్రం మారదు. అందుకే అంగుళానికి ఒకటి చొప్పున ఉండే ఆ మెలిక అలంకారం కాదు. మెలిక విప్పేసి తీగలను చెరో దారిన నడిపిస్తే రొద ఒకదాని మీద ఎక్కువ, ఇంకోదాని మీద తక్కువ పడుతుంది. తేడా చెడుతుంది.

జంట తీగకు రెండు కొసల్లోనూ 120 ఓముల నిరోధకం ఒక్కొక్కటి ఉంటుంది. జే1939 వాడుకలో ఎక్కువగా ఉన్న వేగం సెకనుకు 2,50,000 బిట్లు. అంటే ఒక్కో బిట్టుకు దొరికే సమయం 4 మైక్రోసెకన్లు. ఇంత వేగంతో వెళ్లే సంకేతం తీగ కొసకు చేరి, అక్కడ మింగేవాళ్లు లేకపోతే వెనక్కి తిరిగి వచ్చి తీగ మీది సంకేతాన్నే చెడగొడుతుంది. కొసల్లోని నిరోధకాలు దాన్ని అక్కడికక్కడే మింగేస్తాయి. ఈ రెండు నిరోధకాలే ఎలక్ట్రీషియన్‌కు వెతుకులాటలో దారి చూపిస్తాయి. ఆ సంగతి తర్వాత.

ఒక కబురు ఎలా ఉంటుందో ఒకటి విప్పి చూద్దాం. ఇంజన్ వేగం మోసుకొచ్చే కబురు తలమీద 0CF00400 అనే గుర్తు ఉంటుంది. చివరి రెండు సున్నాలు పంపినవారి చిరునామా: సున్నా అంటే ఇంజన్. గుర్తు వెనక ఎనిమిది బైట్లు. వాటిలో నాలుగోది, అయిదోది కలిపితే ఆర్‌పీఎం. అవి 80, 25 అని వచ్చాయనుకోండి. చిన్న బైటు ముందు పంపడం ఇక్కడి ఆచారం కాబట్టి వెనక్కి తిప్పి 2580 అని చదవాలి. పదహారు మూలంగా ఉన్న ఆ అంకెను మన లెక్కలోకి మారిస్తే 9,600. ఒక్కో అంకె విలువ 0.125 ఆర్‌పీఎం కాబట్టి, ఇంజన్ 1,200 మీద తిరుగుతోంది. ఈ చిన్న ఒప్పందాన్ని పాటిస్తున్నందువల్లే, ఒక కంపెనీ ఇంజనూ ఇంకో కంపెనీ పంపు కంట్రోలరూ ఒకే బండిలో ఇమిడిపోతున్నాయి.

ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే? ఇక్కడే నాకు ఈ పద్ధతి మీద అన్నిటికన్నా గౌరవం కలుగుతుంది. పెద్దన్న ఎవరూ లేరు, వంతులు పంచేవాడు లేడు. ఇద్దరూ తమ గుర్తును బిట్టు తర్వాత బిట్టుగా తీగ మీద పెడుతూ, పెట్టిన దాన్నే తిరిగి వింటారు. తీగ మీద ‘0’ ఎప్పుడూ ‘1’ని అణిచేస్తుంది. తాను ‘1’ పెట్టినా తీగ మీద ‘0’ వినిపించినవాడు, తనకంటే ముఖ్యమైన కబురు నడుస్తోందని గ్రహించి అక్కడే ఆగిపోతాడు. గెలిచినవాడి కబురు ఒక్క బిట్టు కూడా చెడకుండా, ఒక్క క్షణం ఆలస్యం కాకుండా పూర్తవుతుంది. ఓడినవాడు తీగ ఖాళీ కాగానే మళ్లీ మొదలుపెడతాడు. ముఖ్యమైన కబుర్లకు చిన్న అంకె గుర్తు ఇస్తే చాలు, వరస తనంతట తానే ఏర్పడుతుంది.

తప్పులకు కూడా ఇలాంటి ఏర్పాటే. ప్రతి డబ్బా తన తప్పులను తానే లెక్క పెట్టుకుంటుంది. పంపేటప్పుడు తప్పు జరిగితే లెక్కకు 8 కలుపుకుంటుంది, వినేటప్పుడు జరిగితే 1 కలుపుకుంటుంది, సవ్యంగా జరిగితే 1 తీసేసుకుంటుంది. పంపేవాడి లెక్క 128కి చేరితే గొంతు తగ్గించుకుంటాడు. 256కి చేరితే తీగ నుంచి తానే తప్పుకుంటాడు. తప్పు ఎవరిదో చెప్పే మూడో మనిషి లేకుండానే, అసలు దోషి మిగిలినవాళ్లకంటే ముందు పక్కకు జరిగేలా ఆ 8, 1 అంకెలను ఎంచారు. ఇంకో సూక్ష్మం: కబురు చివర ఒక ఖాళీ బిట్టు ఉంటుంది. సరిగ్గా విన్నవాడు ఎవరైనా సరే దాన్ని ‘0’ చేసి ‘అందింది’ అని చెప్పాలి. తీగ తెగి ఒంటరిగా మిగిలిన డబ్బాకు ఆ జవాబు ఎప్పటికీ రాదు. అలాంటప్పుడు మాత్రం తప్పుకోకూడదని, పిలుస్తూనే ఉండాలని నియమం. ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే ఒకే కబురు విరామం లేకుండా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ తెర చూసిన ఎలక్ట్రీషియన్‌కు ఒక సంగతి స్పష్టం: ఈ డబ్బా బాగానే ఉంది, దాని దగ్గర నుంచి బయటకు వెళ్లే దారి తెగింది.

ఇక బండి దగ్గరికి వద్దాం.

మంచి ఎలక్ట్రీషియన్ వచ్చీ రాగానే ఏదీ విప్పడు. ముందు కోడ్‌లు రాసుకుంటాడు, ఇప్పుడు ఉన్నవి వేరే, జ్ఞాపకంలో నిలిచినవి వేరే. ‘క్లియర్’ నొక్కడు. కోడ్‌లో ఏ డబ్బా పేరు ఉందన్నదాని కంటే ఏ డబ్బా ఫిర్యాదు చేసిందన్నది ముఖ్యం. పంపు కంట్రోలర్, మానిటర్ రెండూ ‘ఇంజన్ నుంచి కబురు లేదు’ అంటూ, తమలో తాము మాట్లాడుకోగలుగుతుంటే లోపం ఇంజన్ వైపు దారిలో ఉంది. ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరి మీదా ఫిర్యాదు చేస్తుంటే తీగ మొత్తం మూగబోయింది, షార్ట్ కోసం వెతకాలి. జే1939 కోడ్‌లలో రెండో అంకె తప్పు తీరును చెబుతుంది: 3 అంటే వోల్టేజీ ఎక్కువ, 4 తక్కువ, 5 తెగిన దారి, 9 కబురు వేళకు రాకపోవడం, 19 వచ్చిన కబురే చెడి ఉండటం. 19 చూసి, ఫిర్యాదు చేసిన డబ్బాను మార్చేవాళ్లు ఉన్నారు. వేరొకరి సెన్సార్ చెడిందని కబురు తెచ్చినవాడిని శిక్షించడం అది.

తర్వాత చూసేది తీగలను కాదు, బ్యాటరీలను. కమ్యూనికేషన్ కోడ్ వచ్చిన బండ్లలో కొన్నిటికి అసలు కమ్యూనికేషన్ లోపమే ఉండదు. కరెంటు అందని డబ్బా మాట్లాడలేదు, అంతే. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిస్తే 24. సెల్ఫ్ కొట్టినప్పుడు బలహీనమైన బ్యాటరీ బాగా జారితే డబ్బాలు క్షణంపాటు ఆరి వెలుగుతాయి, అందరి ఖాతాలోనూ ఒక కోడ్ పడుతుంది. అలాగే ఎర్త్. ఫ్రేముకు బోల్టుతో బిగించిన ఎర్త్ తీగ కింద రంగో, తుప్పో, గ్రీజు మీద పేరుకున్న దుమ్మో ఉంటే, కరెంటు పారేటప్పుడు అక్కడ కొంత వోల్టేజీ నిలిచిపోతుంది. దాన్ని ఓములతో కొలిస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. బండి ఆన్‌లో ఉండగా, బ్యాటరీ నెగటివ్ నుంచి డబ్బా ఎర్త్ పిన్ను దాకా వోల్టులు కొలిస్తేనే బయటపడుతుంది. అక్కడ ఒక వోల్టు కనిపించిందంటే డబ్బా నిలబడ్డ నేలే ఒక వోల్టు ఎత్తుకు లేచింది, అది చెప్పే 1.5, 3.5 అన్నీ అంత మేర పైకి జరుగుతాయి.

కరెంటు సంగతి తేలాక అసలు కొలత. బ్యాటరీ కట్ చేసి, కోడ్ చదివే కప్లర్ దగ్గర హై, లో తీగల మధ్య ఓములు చూడాలి. తొమ్మిది పిన్నుల గుండ్రటి కప్లర్ అయితే సి, డి పిన్నులు ఆ రెండూ. కట్ చేయడం ఎందుకంటే, మీటర్ తన సొంత సన్న కరెంటు పంపి నిరోధం కొలుస్తుంది. తీగ మీద వేరే వోల్టేజీ ఉంటే లెక్క తప్పుతుంది. రెండు 120లు పక్కపక్కన కలిస్తే 60. మీటర్ 60 చూపిస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా దారి నిలిచి ఉంది. 120 చూపిస్తే ఒక కొస కనపడటం లేదు. 40 చూపిస్తే ఎవరో మూడో నిరోధకం ఉన్న డబ్బాను మధ్యలో తెచ్చి పెట్టారు. సున్నా దగ్గరగా ఉంటే రెండు తీగలూ ఎక్కడో తగులుకున్నాయి. ఎవరికైనా అర్థమయ్యే ఇంత సూటి జవాబును నాలుగైదు వందల రూపాయల మల్టీమీటర్ ఇస్తుంది. ల్యాప్‌టాప్ తెరవకముందే సగం పని ఇక్కడ అయిపోతుంది. ల్యాప్‌టాప్ లేనిదే ‘సెన్సార్ బండి’ ముట్టుకోనని చెప్పే మెకానిక్‌ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

120 వచ్చిందనుకుందాం. తెగింది ఎటువైపు? ఇక్కడ చేసే పని చిన్నదే కానీ తర్కం అందమైనది. ఒక కొస నిరోధకం ఈసీఎంలో ఉందని బండి వైరింగ్ బొమ్మలో ఉంటే, మీటర్‌ను అలాగే ఉంచి ఈసీఎం కప్లర్ లాగాలి. అంకె పోయి దారి తెగినట్టు చూపిస్తే, ఇప్పటిదాకా కనిపించిన 120 ఈసీఎందే. కాబట్టి అటు దారి బాగుంది, లోపం రెండో కొస వైపు. లాగినా 120 అలాగే నిలిస్తే, ఈసీఎం అప్పటికే తెగిపోయి ఉంది, లోపం దాని దారిలోనే. ఒక్క కప్లర్ లాగి, వెతకాల్సిన దారిని సగానికి తెచ్చాడు. అదే ప్రశ్నను మధ్యలోని కప్లర్ల దగ్గర మళ్లీ వేసుకుంటూ పోతే లోపం ఒక మూర పొడవుకు కుదించుకుపోతుంది.

అయితే ఈ లాగుడు ఎప్పుడు చేయాలన్నదే పనితనం. వచ్చీపోయే లోపాల్లో కప్లర్ లాగడమే సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. కారణం ఇది: కప్లర్‌లో ఆడ పిన్ను, మగ పిన్ను తగరం పూతతో ఉన్నవైతే, బండి అదురుకు అవి కంటికి కనిపించనంత చిన్నగా ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి. రాసుకున్నప్పుడల్లా పూత అరిగి, గాలి తగిలి, సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర మీద సంకేతం ఒకసారి దాటుతుంది, ఒకసారి దాటదు. కప్లర్ లాగి మళ్లీ పెడితే పిన్ను పిన్నును తుడిచేస్తుంది, బండి బాగవుతుంది, మెకానిక్ డబ్బులు తీసుకుని వెళ్తాడు. పదిహేను రోజులకో నెలకో మళ్లీ అదే కోడ్. అందుకే అనుభవం ఉన్నవాడు కప్లర్ లాగకుండానే, తీగ దూరే వెనక వైపు నుంచి సన్న ప్రోబు దించి కొలుస్తాడు. బండి ఆన్‌లో పెట్టి వోల్టులు చూస్తే, మాటలు నడిచే తీగ మీద హై 2.5 కంటే కొంచెం పైన, లో అంతే కొంచెం కింద కనిపిస్తాయి, రెండూ కలిపితే దాదాపు 5. మీటర్ ఎత్తుపల్లాల సగటు చూపించడం వల్ల అలా వస్తుంది. రెండూ కదలకుండా 2.5 దగ్గర ఉంటే ఎవరూ మాట్లాడటం లేదు. ఒక తీగ సున్నా మీదకు వాలితే ఎర్త్‌కు తగిలింది. 24 మీదకు ఎక్కితే ఆ షార్ట్ బ్యాటరీ తీగతో. మీటర్ మీద కన్ను ఉంచి, రెండో చేత్తో తీగల మోపును మూర మూర చొప్పున కదిలిస్తూ పోతాడు. అంకె ఉలిక్కిపడిన చోట ఆగుతాడు.

సూది గుచ్చి, లేదా లావు ప్రోబును ఆడ పిన్నులోకి తోసి కొలిచేవాళ్లు ఒక లోపం వెతకడానికి వచ్చి ఇంకొకటి పెట్టి పోతారు. తోసిన పిన్ను వెడల్పవుతుంది, గుచ్చిన తొడుగులోకి నీరు దిగి రాగి పచ్చగా చిలుము పడుతుంది. పాత బండ్లలో ఇలాంటి వారసత్వం చాలా కనిపిస్తుంది.

ఎక్కడ వెతకాలో కూడా బండి కట్టుబడే చెబుతుంది. ఎక్స్‌కవేటర్ పై భాగం గుండ్రంగా తిరుగుతుంది, కింద ట్రాకులకు నూనె మాత్రమే మధ్యలోని స్వివెల్ గుండా దిగుతుంది. కాబట్టి మాట్లాడే తీగలు దాదాపు అన్నీ పైనే ఉంటాయి. ఆ పైన అనుమానించవలసిన చోట్లు కొన్నే. క్యాబిన్ నేల రంధ్రంలో తీగలు దూరే రబ్బరు బుష్: క్యాబిన్ కింది మౌంటింగులు కుంగితే అంచు తీగలను కోస్తుంది. ఇంజన్ మీదుగా నడిచే మోపు: టర్బో వేడికి తొడుగు పెళుసెక్కుతుంది. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే నడిగడ్డలో అది ఇంకాస్త త్వరగా జరుగుతుంది. బ్యాటరీ పెట్టె చుట్టుపక్కల: యాసిడ్ ఆవిరి. సీటు వెనక: ఎవరో టేపు పెట్టడానికో, ఫ్యాను పెట్టడానికో దొరికిన తీగను కోసి కరెంటు తీసుకుని ఉంటారు. ఎలుకల సంగతి వేరే చెప్పాలా? పని లేని వానాకాలంలో చేల గట్ల మీద నిలబెట్టిన బండిలో అవి కాపురం పెడతాయి.

ఇంకో దోషి వెల్డింగ్. గుండ్ల నేలలో బకెట్ పళ్లు, చెవులు తరచూ వెల్డింగ్‌కు వస్తాయి. ఎర్త్ క్లాంపును పని చోటికి దూరంగా ఎక్కడో ట్రాకుకు తగిలించి బకెట్ దగ్గర వెల్డింగ్ చేస్తే, వందల ఆంపియర్లు తమకు దొరికిన దారిలోనల్లా పారతాయి. ఆ దారుల్లో డబ్బాల ఎర్త్ తీగలు ఉండొచ్చు. బ్యాటరీ కట్ చేసి, డబ్బాల కప్లర్లు తీసి, క్లాంపును వెల్డింగ్ చోటికి జానెడు దూరంలో పెడితే ఈ గొడవ ఉండదు. ఆ పది నిమిషాలు ఆదా చేసినందుకు పోయే డబ్బా ఖరీదు లక్షల్లో ఉంటుంది.

దొరికిన తీగను కలపడంలోనే ఎలక్ట్రీషియన్ చేయి తెలిసిపోతుంది. పసుపు హై, ఆకుపచ్చ లో అన్నది జే1939 రంగుల వాడుక. దొరికిన ఎర్ర తీగ ముక్క వేసి నల్ల టేపు చుడితే ఆ రోజుకు నడుస్తుంది. శ్రద్ధ ఉన్నవాడు అదే మందం జంట తీగ తెచ్చి, రెండు అతుకులూ ఒకే చోట పడకుండా ముందూ వెనకగా కత్తిరిస్తాడు. సరైన స్లీవుతో నొక్కి, లోపల జిగురు ఉన్న హీట్‌ష్రింక్ తొడిగి, మళ్లీ మెలిక తిప్పుతాడు. విప్పిన మెలిక అతుకు దగ్గర అంగుళానికి మించనివ్వడు. కవచం తీగ ఉంటే దాన్ని ఒకే చోట ఎర్త్ చేస్తాడు, రెండు చోట్ల కాదు. పక్క దారి కొమ్మ తీగలు ఒక మీటరు దాటకూడదన్న జే1939 నియమాన్ని గుర్తుపెట్టుకుంటాడు. తర్వాత కప్లర్ మూసేముందు సిలికాన్ సీలు, పిన్నులను పట్టి ఉంచే నారింజ రంగు బిళ్ల స్థానంలో ఉన్నాయో లేదో చూస్తాడు. వాటర్ సర్వీసింగ్‌లో గన్నుతో కొట్టిన నీళ్లు లోపలికి దూరేది ఆ సీలు పోయిన కప్లర్లలోనే. చివర మళ్లీ 60 చూసి, బండిని వేడెక్కేదాకా పని చేయించి, కోడ్‌లు ఇంకోసారి చదువుతాడు. వనపర్తి సంస్థానం వారి రాజమహల్‌లో పెట్టిన కె.డి.ఆర్. పాలిటెక్నిక్‌లో ఓమ్ నియమం నేర్చుకున్నవాడైనా, హైవే పక్క షెడ్డులో గురువు వెంట తిరిగి నేర్చుకున్నవాడైనా, ఈ వరస తప్పనివాడే నమ్మదగినవాడు.

నిజంగానే డబ్బా చెడిన సందర్భాలూ ఉంటాయి. ఒక్కో డబ్బాను తీగ నుంచి తప్పిస్తూ పోతే, ఫలానాది తీయగానే మిగిలినవి మాట్లాడటం మొదలుపెడతాయి. అప్పుడు దాన్ని మార్చాలి. తుక్కు షాపు నుంచి తెచ్చిన డబ్బా ఆకారం, కప్లర్ ఒకటే అయినంత మాత్రాన కుదరదు. 250కి బదులు 500 వేగంతో మాట్లాడేది ఒక్కటి తీగ మీదకు వచ్చినా, అది వినే ప్రతి బిట్టూ తప్పుగా తోచి, మిగిలినవాళ్ల కబుర్లన్నీ చెడగొడుతుంది. ఒకే చిరునామాతో రెండు డబ్బాలు ఉంటే, జే1939 ప్రకారం ప్రతి డబ్బాకూ ఉండే 64 బిట్ల పేరులో ఎవరిది చిన్నదైతే వారికే చిరునామా దక్కుతుంది, రెండోది తప్పుకోవాలి. అంచేత భాగం నంబరూ, లోపలి సాఫ్ట్‌వేర్ నంబరూ రెండూ కలవాలి.

ఇలా మార్చిన డబ్బాలే పాత బండి కొనేవాడికి ఒక ఉపకారం చేస్తాయి. మానిటర్‌లో కనిపించే గంటలను తక్కువ చేయడానికి మానిటర్‌నే మార్చేస్తారు. కానీ ఈసీఎం తన గంటలను తానే లెక్కపెట్టుకుని, ఆ తీగల మీదనే అడిగినవాళ్లకు చెబుతుంది. ఆ కబురులో ఒక్కో అంకె విలువ 0.05 గంట, అంటే 3 నిమిషాలు. మానిటర్ నాలుగు వేలు చూపిస్తూ, ఈసీఎం పదకొండు వేలు చెబితే బేరం ఎక్కడ మొదలవ్వాలో తెలిసిపోతుంది. ఈసీఎం కూడా మార్చి ఉంటే? దానిలో ఇంజన్ నంబరు రాసి ఉంటుంది. దాన్ని చదివి, ఇంజన్ బ్లాకు మీద రేకులో కొట్టిన నంబరుతో కలిపి చూస్తారు. ఆ రేకు రివెట్లు కొత్తగా మెరుస్తుంటే, ఎలక్ట్రీషియన్ మీటర్ సంచిలో పెట్టుకుని యజమానితో మాట్లాడటానికి వెళ్తాడు.